కొండలు లేని చోట మౌంటెన్ బైక్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. కొండా గుట్టా లేని చదును నేలలో, పొలాల మధ్య, పాత కాలువల గట్ల మీద మౌంటెన్ బైక్ తొక్కేవాళ్ళ ప్రశ్నలు అవి. నాకు బాగా ఇష్టమైన విషయం, అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగయ్యాయి.

ప్రశ్న: మా చుట్టుపక్కల కొండలు లేవు. ఎటు చూసినా పొలాలు, వాటి మధ్య ఒక పాత కాలువ. నా దగ్గరున్నది మౌంటెన్ బైక్. "ఇక్కడ దానితో ఏం పని, అమ్మేసి రోడ్డు సైకిల్ కొనుక్కో" అంటున్నారు స్నేహితులు. నిజమేనా?

జవాబు: అమ్మకండి. మీ స్నేహితులు "చదును" అనే మాట విని తారురోడ్డుని ఊహించుకుంటున్నారు. పొలం బాట చదునుగా ఉంటుంది గానీ నున్నగా ఉండదు. ట్రాక్టర్ చక్రాల గాడి ఎండిపోయి రాయిలా గట్టిపడి ఉంటుంది, మధ్యలో గడ్డి దిబ్బ, పక్కన కంకర. కాలువ గట్టు మీద చెట్ల వేళ్ళు దారికి అడ్డంగా పైకి తేలి ఉంటాయి. సన్నటి టైర్లతో ఇవన్నీ దాటాలంటే ఒళ్ళు హూనమవుతుంది, వెడల్పు టైరు ఉన్నవాడికే ఇక్కడ సుఖం.

కాకపోతే సైకిల్‌ని నేలకి తగ్గట్టు మార్చుకోవాలి. మొదట చూడాల్సింది టైర్లు. బురద కోసం చేసిన పెద్ద పెద్ద బొడిపెల టైర్లు గట్టి నేల మీద బర్రుమని మోత పెడుతూ మీ శక్తిని తినేస్తాయి, మధ్యభాగం ఇంచుమించు నున్నగా ఉండి అంచుల్లో మాత్రమే బొడిపెలున్న టైరు వేయించుకోండి. కొండ దారుల్లో 20, 25 పీఎస్ఐ గాలితో తిరిగేవాళ్ళు ఇక్కడ 30 దాటించొచ్చు, బరువైన మనిషైతే ఇంకాస్త. ముందు ఫోర్క్‌కి లాకౌట్ (స్ప్రింగు ఊగకుండా బిగించే మీట) ఉంటే గట్టి దారిలో వేసెయ్యండి, గతుకులొచ్చినప్పుడు తీసెయ్యండి. చాలామంది లాకౌట్ ఉందన్న సంగతే మర్చిపోతారు, ప్రతి పెడల్‌కీ ఫోర్క్ కిందికీ పైకీ ఊగుతుంటే ఎందుకు అలసిపోతున్నామో అర్థంకాక బాధపడతారు.

గేర్లు సరిపోవేమో అని ఇంకొందరు అడిగారు. లెక్క వేసి చూద్దాం. ముందు 32 పళ్ళ చక్రం, వెనక అన్నిటికన్నా చిన్నది 11 పళ్ళది, 29 అంగుళాల చక్రాలు. నిమిషానికి 90 సార్లు పెడల్ తిప్పితే గంటకు 36 కిలోమీటర్ల దాకా వస్తుంది. పొలం బాటలో, కాలువ గట్టు మీద అంతకంటే వేగం ఎవరికీ అక్కర్లేదు. గేర్ల మీద డబ్బు తగలేయొద్దు.

ప్రశ్న: చదునే కదా, తేలిగ్గా అయిపోతుందనుకుని 40 కిలోమీటర్లు బయల్దేరాను. తిరిగొచ్చేసరికి ప్రాణం పోయినంత పనైంది. కొండ దారిలో కూడా ఇంత అలసట రాలేదు. నా ఆరోగ్యంలో ఏమైనా తేడా ఉందా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే తేడా దారిలోనే ఉంది. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి వచ్చుంటే మాత్రం డాక్టర్‌ని కలవండి, అవేవీ లేకపోతే కారణాలు ఇవి.

కొండ దారిలో ఎక్కాక దిగుతారు, దిగేటప్పుడు కాళ్ళకి విశ్రాంతి. చదునులో దిగుడు ఉండదు. పెడల్ ఆపితే సైకిల్ ఆగిపోతుంది, కాబట్టి రెండు గంటల ప్రయాణమంటే రెండు గంటలూ కాళ్ళు తిరుగుతూనే ఉండాలి. ఇది చాలామందికి తట్టదు.

ఇక గాలి. పొలాల మధ్య ఎదురుగాలిని ఆపేందుకు ఏమీ ఉండదు. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం రెండింతలైతే ఆ బలం నాలుగింతలవుతుంది, దాన్ని నెట్టుకుంటూ వెళ్ళడానికి కావాల్సిన శక్తి ఎనిమిదింతలవుతుంది. మీరు గంటకు 20 కిలోమీటర్లతో వెళ్తున్నప్పుడు ఎదురుగా అదే వేగంతో గాలి వీస్తే మీ ఒంటికి తగిలేది 40 కిలోమీటర్ల గాలి. మీ వేగం మారలేదు, తగిలే గాలి మాత్రమే రెండింతలైంది, కాబట్టి ఆ 20 వేగాన్ని నిలబెట్టుకోవాలంటే, గాలి కోసం అంతకుముందు పెట్టిన శక్తికి నాలుగింతలు పెట్టాలి. మౌంటెన్ బైక్ మీద నిటారుగా, చేతులు బారచాపి కూర్చుంటాం కాబట్టి గాలికి ఇంకా ఎక్కువ దొరుకుతాం. అందుకే ఎదురుగాలిలో వేగం సంగతి వదిలేసి శ్రమ చూసుకోండి. మాట్లాడగలిగేంత ఊపిరి ఉందా, అది చాలు, 12 కిలోమీటర్ల వేగమే వచ్చినా ఫర్వాలేదు. మోచేతులు వంచి ఒళ్ళు కాస్త కిందికి దించండి, ఒక గేరు తగ్గించండి, నిమిషానికి 80, 90 సార్లు తిప్పుతూ పోండి. పెద్ద గేరులో మోకాళ్ళతో తొక్కితే నొప్పి ఆ సాయంత్రమే మొదలవుతుంది.

నెదర్లాండ్స్‌లో, సముద్రపు పోటుని ఆపే ఓస్టర్‌షెల్డె గేట్ల మీద, తుఫాను గాలి వీచే రోజు కోసం కాచుకుని ఎదురుగాలిలో సైకిల్ పోటీ పెడతారు. దూరం 8.5 కిలోమీటర్లే, సైకిళ్ళు గేర్లు లేని మామూలువి. చదును దేశంలో కొండ అంటే గాలే అని వాళ్ళకి బాగా తెలుసు.

బయల్దేరే ముందు గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, మొదట ఎదురుగాలిలో వెళ్ళి, అలసిపోయాక వాలుగాలిలో తిరిగి రండి. మీరు బహుశా దీన్ని తిరగేసి చేసుంటారు, వెళ్ళేటప్పుడు గాలి తోస్తుంటే నా సత్తా అనుకోవడం చాలా సహజం.

మూడోది కూర్చునే తీరు. కొండ దారిలో లేస్తాం, వెనక్కి జరుగుతాం, పక్కకి వంగుతాం. చదునులో గంటలకొద్దీ ఒకే భంగిమ, సీటు దగ్గర నొప్పి, అరచేతుల్లో తిమ్మిరి. చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారుతుంటే అరచేతి అంచున వెళ్ళే నరం నొక్కుకుపోతోందని అర్థం. కొద్ది నిమిషాలకోసారి లేచి నిలబడి నాలుగు పెడళ్ళు తొక్కండి, చేతుల పట్టు మార్చండి. సీటు ఎత్తు కూడా చూసుకోండి, మడమ పెడల్ మీద పెట్టి కిందికి దించితే కాలు నిటారుగా చాపుకోవాలి. కొండ దిగడానికి వీలుగా సీటు దించుకుని, అలాగే వదిలేసి చదునులో తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: కాలువ గట్టు దారి మొత్తం సమంగా ఉంటుందంటారు, కానీ అక్కడక్కడా ఉన్నట్టుండి చిన్న ఎక్కుడు వస్తుంది. ఎందుకలా?

జవాబు: అక్కడ లాకులు ఉంటాయి. ఎంత మంచి ప్రశ్న వేశారో! పడవల కాలువలో నీళ్ళు పారకూడదు, ఇంచుమించు నిలకడగా ఉండాలి, కాబట్టి రెండు లాకుల మధ్య కాలువని సమమట్టంగా తవ్వేవాళ్ళు. నేల ఎత్తు పెరిగిన చోట ఒక లాకు కట్టి, గేట్లు మూసి నీళ్ళు నింపి, పడవని పై మట్టానికి లేపేవాళ్ళు. పక్కనున్న గట్టు కూడా అక్కడే లేస్తుంది. అమెరికాలో వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా వెళ్ళే చెసపీక్ ఒహాయో కాలువ 297 కిలోమీటర్ల పొడవు, 74 లాకులు, మొత్తం ఎత్తు తేడా 184 మీటర్లే. అంత దూరంలో ఆ కాస్త ఎత్తు, అదీ లాకుల దగ్గర చిన్న చిన్న ఎక్కుళ్ళుగా పంచుకుని ఉంటుంది.

మీరు తొక్కుతున్న ఆ బాట గుర్రాల కోసం వేసింది. ఇంజన్లు రాకముందు పడవకి తాడు కట్టి గుర్రమో కంచరగాడిదో గట్టు మీద నడుస్తూ లాగేది. నీటి మీద తేలే 25, 30 టన్నుల బరువుని ఒక్క గుర్రం లాగగలిగేది, రోడ్డు మీద బండితో అది ఊహకందని సంగతి. గుర్రానికి నిటారు ఎక్కుడు పనికిరాదు, బాట కాలువని అంటుకునే ఉండాలి, ఎదురుపడిన రెండు గుర్రాలు తప్పుకోగలిగితే చాలు. అందుకే ఇప్పుడు అది సైకిల్‌కి ఇంత చక్కగా కుదిరింది, అందుకే చాలా చోట్ల అంత ఇరుకు కూడా.

వంతెన కింద దూరేటప్పుడు ఆగి మూల రాళ్ళని తడిమి చూడండి. ఇంగ్లండ్‌లో పాత వంతెనల మూలలకి తొడిగిన ఇనప పట్టీల మీద కూడా తాళ్ళు దశాబ్దాల తరబడి ఒరుసుకుని లోతైన గాడులు పడ్డాయి. బాట కాలువకి ఇటునుంచి అటు మారాల్సిన చోట, తాడు విప్పకుండానే గుర్రం వంతెన ఎక్కి దిగేలా చుట్టూ తిరిగే వాలుతో వంతెన కట్టేవాళ్ళు. మ్యాకిల్స్‌ఫీల్డ్ కాలువ మీద అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి, వాటి మీద సైకిల్ నడిపిస్తూ వెళ్తే ఆ మేస్త్రీల తెలివికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ప్రశ్న: చరిత్ర ఉన్న కాలువల్లో మౌంటెన్ బైక్‌తోనే వెళ్ళాల్సినవి ఏవి? ఒకటి రెండు చెప్పండి.

జవాబు: నన్నడిగితే మొదటి పేరు పైన చెప్పిన చెసపీక్ ఒహాయో కాలువదే. దాని బాట చాలావరకు మట్టి, వాన పడితే గుంటలు, నది పక్కనే అడవి. 1924 వరదల తర్వాత పడవలు ఆగిపోయాయి. తర్వాత దాని మీదుగా రోడ్డు వేయాలని ప్రతిపాదన వచ్చింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ దాన్ని వ్యతిరేకించి, ఆ ఆలోచనని సమర్థించిన పత్రికా సంపాదకుల్ని తనతో కలిసి నడవమని పిలిచి, 1954లో ఆ బాట పొడవునా నడిచాడు. 1971లో అది జాతీయ చారిత్రక పార్కు అయింది. ఒక మనిషి నడిచి కాపాడిన దారి మీద సైకిల్ తొక్కడం నాకు గొప్పగా అనిపిస్తుంది. దారిలో పాపా సొరంగం వస్తుంది, 950 మీటర్ల పొడవు, లోపల చీకటి, ఇటుక గోడకీ నీటికీ మధ్య సన్నటి బాట. హెడ్‌లైట్ తప్పనిసరి, సైకిల్ దిగి నడవడమే మంచిది.

రెండోది ఫ్రాన్స్‌లోని కెనాల్ దు మిడి, 240 కిలోమీటర్లు. పియర్ పాల్ రికే 1666లో మొదలుపెట్టించి, 1680లో చనిపోయాడు, మరుసటి ఏడు కాలువ తెరిచారు. తులూజ్ నుంచి మొదటి యాభై కిలోమీటర్లు నున్నటి దారి, ఏ సైకిల్ అయినా చాలు. ఆ తర్వాత చాలా చోట్ల మట్టి, వేళ్ళు, పక్కకి ఒరిగిన సన్నటి జాడ. సన్న టైర్లతో వెళ్ళినవాళ్ళు అక్కడ రోడ్డెక్కేస్తారు, మీరు ఎక్కనక్కర్లేదు. నీడనిచ్చిన ప్లేన్ చెట్లకి 2006 నుంచి ఒక శిలీంధ్రపు తెగులు పట్టి వేల చెట్లు కొట్టేయాల్సి వచ్చింది, కాబట్టి పాత ఫొటోలు చూసి దారంతా నీడే అనుకోవద్దు, ఎండకి తగ్గట్టు నీళ్ళు పెట్టుకుని వెళ్ళండి.

అమెరికాలో 1825లో తెరిచిన ఈరీ కాలువ పేరు ఇంకా పెద్దది. అక్కడి దారి ఎక్కువగా తారు, లేదా రాతిపొడి వేసి చదును చేసింది. కుటుంబంతో వెళ్ళడానికి చక్కగా ఉంటుంది గానీ మౌంటెన్ బైక్ లేకపోయినా నడిచిపోతుంది.

ప్రశ్న: నేను సైకిల్ తొక్కను. రోజూ పొద్దున్నే కాలువ గట్టు మీద నడుస్తాను, నా వయసు 67. సైకిళ్ళవాళ్ళు వెనకనుంచి చప్పుడు లేకుండా దూసుకొస్తుంటే గుండె ఆగినంత పనవుతోంది. మీ పత్రికలో వాళ్ళకి ఏమైనా చెప్పకూడదా?

జవాబు: చెప్తానండి, గట్టిగానే చెప్తాను. మీ బాధ నూటికి నూరుపాళ్ళు న్యాయం. ఆ బాట రెండు మూడు మీటర్లుంటే గొప్ప, ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు పొదలు, పక్కకి తప్పుకుందామన్నా చోటుండదు. భయపడి అడుగు తప్పితే కాలువలోకే.

సైకిల్ తొక్కేవాళ్ళకి: కాలువ గట్టు మీద నడిచేవాళ్ళదే ముందు హక్కు. ఇంగ్లండ్, వేల్స్ కాలువల్ని చూసే ట్రస్టు కూడా తమ బాటల మీద నడిచేవాళ్ళకే ప్రాధాన్యం అని రాసిపెట్టింది. దూరం నుంచే బెల్లు కొట్టండి, దగ్గరికొచ్చాక కొడితే అది బెదిరించడమే అవుతుంది. బెల్లు కొట్టినంత మాత్రాన దారి మీదైపోదు, వాళ్ళు విన్నారో లేదో చూసుకుని, వేగం తగ్గించి, ఒక మాట చెప్పి దాటండి. వంతెన కింద ఎదురుగా ఎవరొస్తున్నారో కనపడదు, అక్కడ నడిచే వేగమే. గాలం వేసేవాళ్ళ పొడుగు కర్రలు బాటకి అడ్డంగా ఉంటాయి, పడవలు కట్టిన తాళ్ళు గడ్డిలో కనపడవు. లాకుల దగ్గర గేటు తిప్పే దూలం ఉన్నట్టుండి బాట మీదికి రావచ్చు, పక్కనే లోతైన గొయ్యి.

వేగం కావాలనుకునేవాళ్ళని తప్పుపట్టను, వేగంలో ఆనందం ఉంది. దానికి పొలాల మధ్య ఖాళీ రోడ్డు ఉంది, అక్కడ కాళ్ళు నొప్పెట్టేదాకా తొక్కండి. గట్టు మీద వద్దు.

ప్రశ్న: వారం తిరక్కుండానే పంక్చర్. పొలం బాటల్లో ముళ్ళకి మందు లేదా?

జవాబు: ఉంది. ట్యూబ్ తీసేసి ట్యూబ్‌లెస్ చేయించుకుని లోపల సీలెంట్ పోయించండి, ముల్లు దిగిన చిన్న బెజ్జాలు దానంతటదే పూడ్చేస్తుంది. పల్లేరు ముళ్ళున్న నేలకి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. సీలెంట్ కొన్ని నెలలకి ఎండిపోతుంది, మళ్ళీ పోయించాలి. ట్యూబే ఉంచుకుంటానంటే కనీసం ట్యూబ్‌లోనైనా సీలెంట్ ఎక్కించండి. కంచెలు కత్తిరించిన రోజుల్లో ముళ్ళ కొమ్మలు దారి మీద పడుంటాయి, అప్పుడు ఆ బాట మానుకోండి.

ప్రశ్న: వాన వెలిశాక పొలం బాటలో వెళ్తే మజాగా ఉంటుంది. మా నాన్న మాత్రం వద్దంటారు. ఎవరి మాట సరైంది?

జవాబు: ఇసుక నేల, కంకర నేల అయితే మీది. బంకమట్టి, నల్లరేగడి అయితే నాన్నగారిదే సరైన మాట.

బంకమట్టి టైరుకి పొరలు పొరలుగా అంటుకుని ఫ్రేముకీ చక్రానికీ మధ్య ఇరుక్కుపోతుంది, చక్రం తిరగడం ఆగిపోతుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే వెనక గేరు మార్చే భాగం మెలితిరిగి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క విరిగిపోతుంది. అంత బురదలో సైకిల్‌ని మోసుకుంటూ వెనక్కి రావాలి. అంతకన్నా పెద్ద సంగతి, తడి నేలలో మీరు చేసిన గాడి ఎండాక అలాగే గట్టిపడిపోతుంది. ఆ బాట రైతుకి రోజూ కావాలి. గాడిలో తర్వాతి వానకి నీళ్ళు నిలిచి, నిలిచిన చోటే మళ్ళీ కోసుకుపోతుంది.

కాలువ గట్టు అయితే ఇంకా జాగ్రత్త. పాత కాలువల్లో నీళ్ళు ఇంకకుండా అడుగునా పక్కలా తొక్కి మెత్తిన బంకమట్టి పొర ఉంటుంది, గట్టే దానికి కాపు. అంచు కింద నీళ్ళు మట్టిని తొలిచేసి, పైన గడ్డి మాత్రం మిగిలి ఉండొచ్చు, మీ బరువుకి అది కూలుతుంది. తడిగా ఉన్నప్పుడు అంచుకి కనీసం ఒక మీటరు దూరం ఉండండి.

పొలాల సంగతి ఎత్తారు కాబట్టి ఇంకో మాట. ఎక్కడ సైకిల్‌కి అనుమతి ఉందో ముందే కనుక్కోండి, దేశానికో చట్టం ఉంది. ఇంగ్లండ్‌లో గుర్రాలు వెళ్ళే బాటల మీద సైకిళ్ళని 1968 చట్టం అనుమతించింది, నడిచేవాళ్ళకీ గుర్రాలవాళ్ళకీ దారివ్వాలనే షరతుతో. కాలిబాటలకి ఆ హక్కు లేదు. ఎక్కడైనా సరే, దారి పాడైందని పైరులోంచి వెళ్ళొద్దు. గేటు మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచే వదలండి, పశువుల కోసం కావాలనే అలా పెట్టి ఉంటారు. మందు కొడుతుంటే గాలివాలు వైపు వెళ్ళకుండా ఆగండి లేదా వెనక్కి తిరగండి.

ప్రశ్న: మా అబ్బాయి సైకిల్‌తో సహా కాలువలో పడ్డాడు. నీళ్ళు నడుము లోతే, దెబ్బలేం తగల్లేదు, మోకాలు గీరుకుంది అంతే. ఏమైనా చేయాలా?

జవాబు: గీరుకున్నచోట సబ్బుతో, మంచినీళ్ళతో బాగా కడగండి. నిలవ నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి ఉంటే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు, దాని క్రిమి గాయం ద్వారా లోపలికి వెళ్తుంది. అరుదే, టెన్షన్ పడకండి. కానీ వచ్చే నాలుగు వారాల్లో జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పి లాంటివి వస్తే డాక్టర్‌కి కాలువలో పడ్డాడన్న సంగతి మొదటే చెప్పండి, అది చెప్పకపోతే మామూలు జ్వరం అనుకునే ప్రమాదం ఉంది. ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు వేయించారో కూడా చూసుకోండి.

ప్రశ్న: వచ్చే ఏడాది కొండ దారుల్లోకి వెళ్ళాలని ఉంది. అప్పటిదాకా ఈ చదును దారుల్లో తొక్కింది ఏమైనా పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది, కొన్నిటికి బాగా. ఆగకుండా గంటలకొద్దీ తొక్కే ఓర్పు చదునులో వచ్చినట్టు ఇంకెక్కడా రాదు, కొండ ఎక్కేటప్పుడు అదే మిమ్మల్ని పైకి తీసుకెళ్తుంది. ఖాళీ పొలం బాటలో చాలా నెమ్మదిగా, కాలు కింద పెట్టకుండా తొక్కడం సాధన చేయండి. ట్రాక్టర్ గాడి అంచు మీద సన్నగా నడపండి, చిన్న కట్ట వస్తే ముందు చక్రం లేపి దాటించండి. ఇవన్నీ కొండ మీద నేరుగా వాడుకునేవే.

చదునులో అబ్బనిది దిగుడు. ఒంటి బరువు వెనక్కి ఎప్పుడు జరపాలి, ముందు బ్రేకు ఎంత నొక్కాలి అన్నది నిజమైన వాలు మీదే వస్తుంది. అందుకని వెళ్ళిన మొదటి రోజుల్లో మీ ఓర్పుని చూసుకుని పెద్ద దారి ఎంచుకోకండి. ఎక్కడానికి పొడుగ్గా, దిగడానికి తేలిగ్గా ఉన్న దారి ఎంచుకోండి. టైర్లు మాత్రం మార్చుకోండి, ఆ నున్నటివి అక్కడ జారతాయి.